తక్కువ ధరలో దూరం వెళ్లే, మెత్తగా తగిలే గోల్ఫ్ బాల్ ఎంచుకోవడం ఎలా?

గోల్ఫ్ మొదలుపెట్టి ఏడాదో రెండేళ్లో అయినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "డజను మీద మరీ ఎక్కువ పెట్టలేను. డ్రైవర్‌తో కొడితే దూరం పోవాలి, పటర్‌తో కొడితే రాయిలా తగలకూడదు. ఏ బాల్ కొనమంటారు?" హైదరాబాద్‌లో గోల్కొండ కోర్సులో, బౌల్డర్ హిల్స్‌లో ఆడేవాళ్లు, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడేవాళ్లు అడుగుతారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో శనివారం పొద్దున్నే పబ్లిక్ కోర్సుకి వెళ్లే మనవాళ్లూ అడుగుతారు. ఊరిని బట్టి దొరికే బ్రాండ్లు, ధరలు మారతాయి. ఎంచుకునే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే, అందుకే దాన్ని వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. బాల్‌ని గ్రీన్ (జెండా, గుంట ఉండే నున్నటి గడ్డి) దగ్గర నుంచి వెనక్కి చూసుకుంటూ ఎంచుకోండి. పట్ (గ్రీన్ మీద పటర్‌తో దొర్లించే దెబ్బ), చిప్ (గ్రీన్ పక్క నుంచి కాస్త లేపి కొట్టే చిన్న దెబ్బ), తర్వాత ఐరన్, అన్నిటికంటే చివర డ్రైవర్ (దూరం కోసం వాడే పొడవాటి క్లబ్). చాలామంది తిరగేసి మొదలుపెడతారు, అక్కడే డబ్బు వృథా అవుతుంది. దూరం విషయంలో కంపెనీల చేతులు నిబంధనలు కట్టేశాయి. గోల్ఫ్ నియమాలు రాసే సంస్థలు ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ నిబంధనల ప్రకారం బాల్ బరువు 45.93 గ్రాములు దాటకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. బాల్ ఎంత వేగంతో బయల్దేరొచ్చు, పరీక్షలో ఎంత దూరం పోవచ్చు అన్నదానికీ హద్దులున్నాయి. పేరున్న కంపెనీల బాల్స్ చాలావరకు ఆ హద్దులకు దగ్గర్లోనే ఉంటాయి. కాబట్టి బాక్స్ మీద "ఎక్కువ దూరం" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, మీ డ్రైవ్‌లో కనిపించే తేడా కొద్ది గజాలే. గ్రీన్ దగ్గర తేడా మాత్రం కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది.

తెలిసి ఉండాల్సిన మూడు మాటలు

కోర్: లోపలి రబ్బరు ముద్ద. ఒక కోర్, పైన ఒక కవర్ ఉంటే టూ-పీస్. మధ్యలో ఇంకో పొర ఉంటే త్రీ-పీస్.

కవర్: చవక బాల్స్ మీద ఎక్కువగా అయనోమర్ అనే ప్లాస్టిక్ ఉంటుంది. సర్లిన్ అనే పేరు విని ఉంటారు, అదీ ఈ రకమే. గట్టిగా ఉంటుంది, త్వరగా చీరుకుపోదు, స్పిన్ తక్కువ. ఖరీదైన వాటి మీద యూరథేన్ అనే మెత్తటి పదార్థం ఉంటుంది. వెడ్జ్ (చిప్ లాంటి చిన్న దెబ్బలకి వాడే క్లబ్) ముఖం మీది గీతలు దాన్ని బాగా పట్టుకుంటాయి, అందుకే బాల్ గ్రీన్ మీద పడ్డాక త్వరగా ఆగుతుంది.

కంప్రెషన్: బాల్ ఎంత తేలిగ్గా నొక్కుకుంటుందో చెప్పే అంకె. టెన్నిస్ బాల్‌తోనూ కార్క్ బాల్‌తోనూ క్రికెట్ ఆడినవాళ్లకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. 40, 60 దగ్గర ఉంటే మెత్తన, 90 దాటితే గట్టి. ఒక కంపెనీ కొలత ఇంకో కంపెనీతో సరిగ్గా కలవదు కాబట్టి ఐదారు పాయింట్ల తేడాని పట్టించుకోకండి.

ఏమేం కావాలి

- మీ గత నాలుగైదు రౌండ్ల స్కోర్‌కార్డులు, లేదా కనీసం ఆ రౌండ్లలో ఎన్ని బాల్స్ పోయాయో జ్ఞాపకం
- రెండు మూడు మోడళ్లలో ఒక్కో స్లీవ్, అంటే మూడేసి బాల్స్. డజన్లు కొనకండి
- చెరిగిపోని ఇంకు ఉన్న మార్కర్ పెన్ను
- ఒక చిన్న తువ్వాలు
- శుభ్రంగా తోమిన వెడ్జ్, మీరు మామూలుగా వాడే పటర్
- రద్దీ లేని రోజు ప్రాక్టీస్ గ్రీన్ మీద ఓ గంట. సొంత బాల్స్‌తో చిప్ చేయొచ్చో లేదో క్లబ్‌లో ముందే అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు

1. రౌండుకి ఎన్ని బాల్స్ పోతున్నాయో లెక్క తీయండి

బడ్జెట్ అంటే డజను ధర అనుకుంటాం. అసలు చూడాల్సింది రౌండు ఖర్చు. ఉదాహరణకు డజను 2,400 రూపాయలు అనుకోండి, బాల్ ఒక్కటి 200 పడుతుంది. రౌండుకి నాలుగు నీళ్లలోనో రాళ్లలోనో పోతే 800. అదే డజను 4,800 అయితే 1,600. నెలకి నాలుగు రౌండ్లు ఆడేవాళ్లకి ఆ తేడా 3,200 రూపాయలు. ఆ డబ్బు పెట్టి కోచ్ దగ్గర చిప్పింగ్ నేర్చుకుంటే స్కోరు ఏ బాల్‌తో తగ్గేదానికన్నా ఎక్కువ తగ్గుతుంది. ఈ మాట నేను నిజంగా నమ్మి చెబుతున్నాను.

నా లెక్క ఇలా ఉంటుంది. రౌండుకి మూడు లేదా అంతకన్నా ఎక్కువ పోతుంటే టూ-పీస్ అయనోమర్ బాల్ తప్ప వేరే ఆలోచన వద్దు. ఒకటో రెండో పోతుంటే రెండు రకాలూ పరీక్షించి చూడండి. ఒకే బాల్‌తో తరచూ రౌండు పూర్తి చేస్తుంటే, మధ్యస్థ ధరలో యూరథేన్ బాల్ మీకు పనికొస్తుంది.

హెచ్చరిక: పోయిన బాల్ ఖరీదైనదని వెతుకుతూ ఉండిపోకండి. 2019 నుంచి వెతకడానికి ఇచ్చే సమయం మూడు నిమిషాలే. వెనక వచ్చేవాళ్ల సంగతీ చూడాలి.

2. మీ డ్రైవర్ వేగం సుమారుగా తెలుసుకోండి

లాంచ్ మానిటర్ (దెబ్బ వేగం, దూరం కొలిచే యంత్రం) దొరికితే మంచిదే. లేకపోతే ఇలా అంచనా వేయండి: మంచి దెబ్బ పడినప్పుడు బాల్ గాల్లోనే 200 గజాల దగ్గర పోతుంటే మీరు డ్రైవర్‌ని తిప్పే వేగం గంటకు సుమారు 90 మైళ్లు. ఇక్కడ చూడాల్సింది క్యారీ, అంటే నేలకి తగిలేదాకా పోయిన దూరం. ఎండాకాలం గట్టి ఫెయిర్‌వే మీద దొర్లిన దూరాన్ని కలిపేసుకుంటే లెక్క తప్పుతుంది.

"నెమ్మదిగా కొట్టేవాళ్లు మెత్తటి బాల్ వాడితే దూరం పెరుగుతుంది" అనే మాట ప్రతి క్లబ్‌లోనూ వినిపిస్తుంది. దాన్ని అలాగే తీసుకోకండి. బాల్ మెత్తన అయినంత మాత్రాన వేగం పుట్టదు. డ్రైవర్‌ని గంటకు 100 మైళ్లకు పైన తిప్పేవాళ్లకి బాగా మెత్తటి బాల్ కొద్దిగా దూరం తగ్గిస్తుంది కూడా. 85, 90 దగ్గర ఉన్నవాళ్లకి ఆ నష్టం చాలా చిన్నది, పైగా మెత్తటి టూ-పీస్ బాల్‌కి డ్రైవర్ మీద స్పిన్ తక్కువ కాబట్టి గాలికి లేచిపోకుండా ముందుకి పోతుంది. అందుకే మామూలు ఆటగాళ్లకి తక్కువ ధరలో దూరం, మెత్తదనం రెండూ ఒకే బాల్‌లో దొరకడం సాధ్యమే. గ్రీన్ మీద స్పిన్ కూడా కావాలంటేనే ధర పెరుగుతుంది.

3. మూడు మోడళ్లు తీసుకోండి, అంతకన్నా వద్దు

మెత్తటి టూ-పీస్ కోవలో కాలవే సూపర్‌సాఫ్ట్, విల్సన్ డుయో సాఫ్ట్ చాలా మెత్తన, కంప్రెషన్ 40కి అటూ ఇటూ. టైటలిస్ట్ ట్రూఫీల్, శ్రిక్సన్ సాఫ్ట్ ఫీల్ 60 దగ్గర ఉంటాయి, మెత్తగానే తగులుతాయి గానీ మరీ ముద్దలా అనిపించవు. రెండు కోవల నుంచీ ఒక్కొక్కటి తీసుకుంటే మీ చేతికి ఏది నచ్చుతుందో తేలిపోతుంది.

కవర్ మెత్తగా ఉండి గ్రీన్ మీద ఆగాలనుకుంటే టేలర్‌మేడ్ టూర్ రెస్పాన్స్, శ్రిక్సన్ క్యూ-స్టార్ టూర్ చూడండి. రెండూ యూరథేన్ కవర్ ఉన్న త్రీ-పీస్ బాల్స్, కంప్రెషన్ 70 ప్రాంతంలో ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి కాస్ట్‌కో కిర్క్‌లాండ్ బాల్ ఇంకో దారి. అది కూడా యూరథేన్ త్రీ-పీసే, ధర చాలా తక్కువ, అయితే స్పిన్ కాస్త ఎక్కువ. స్లైస్ (బాల్ పక్కకి వంపు తిరిగిపోవడం) బాగా ఉన్నవాళ్లు పరీక్షించకుండా పెద్ద ప్యాక్ తెచ్చుకోవద్దు.

అమెరికాలో సూపర్‌సాఫ్ట్, ట్రూఫీల్ లాంటివి డజను సుమారు 25 డాలర్లు. టైటలిస్ట్ ప్రో వీ1 లాంటి ఖరీదైనవి 50 దాటతాయి. మన దగ్గర దిగుమతి ఖర్చులు కలుస్తాయి కాబట్టి అదే బాల్ డాలర్ లెక్క కంటే ప్రియం. డెకాథ్లాన్ వాళ్ల ఇనెసిస్ బాల్స్ ఉన్నాయి కదా అని చాలామంది అడుగుతారు. వాటిలో మెత్తటి రకం కొత్తగా ఆడేవాళ్లకి చక్కగా సరిపోతుంది. దాన్ని మూడింటిలో ఒకటిగా పెట్టుకోండి.

బాల్ మీద "సాఫ్ట్" అని రాసి ఉంటే చాలదు. బాక్స్ వెనక కవర్ ఏమిటో, ఎన్ని పొరలో చదవండి. "లేడీ" అని రాసి ఉందని పక్కన పెట్టేయనూ వద్దు, అది ఎక్కువగా రంగూ ప్యాకింగూ చూసి పెట్టే పేరే.

4. పటింగ్ పరీక్ష: కళ్లు మూసుకుని

ఒక్కో మోడల్ మీద ఎ, బి, సి అని మార్కర్‌తో రాయండి. స్నేహితుణ్ణో కేడీనో పక్కన నిలబెట్టి, ఏ బాల్ పెడుతున్నారో చెప్పొద్దనండి. పది అడుగుల దూరం నుంచి కళ్లు మూసుకుని కొట్టండి. ఏది మెత్తగా తగిలింది, ఏది గట్టిగా తగిలింది అన్నది మీరు చెప్పాలి, వాళ్లు రాసుకోవాలి. ఒక్కోటి ఐదు సార్లు, వరస కలిపేసి.

ఆ తర్వాత చెవుల్లో దూది పెట్టుకుని మళ్లీ కొట్టండి. ఈసారి తేడా చాలా తగ్గిపోతుంది. మనం మెత్తదనం అనుకునేదాంట్లో పెద్ద భాగం శబ్దమే. "టక్" మంటే గట్టి బాల్ అనుకుంటాం, "తప్" మంటే మెత్తన అనుకుంటాం.

దీనివల్ల తెలిసేది మీ పటర్ సంగతి కూడా. పటర్ ముఖానికి మెత్తటి ఇన్సర్ట్ (అతికించిన ముక్క) ఉండి, బాల్ కూడా బాగా మెత్తనైతే దెబ్బ తగిలినట్టే అనిపించదు, దూరాన్ని అంచనా వేయడం కష్టమై పట్‌లు పొట్టిగా ఆగిపోతాయి. అలాంటి పటర్‌కి 60, 70 కంప్రెషన్ బాల్ నయం. ముఖం అంతా లోహమే ఉన్న పటర్‌కి 40 దగ్గర బాల్ హాయిగా ఉంటుంది. కళ్లు మూసుకుని తేడా చెప్పలేకపోయారా? అయితే మెత్తదనం కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి, ధర తక్కువున్నది తీసుకోండి.

5. చిప్ పరీక్ష: అసలు నిర్ణయం ఇక్కడే

గ్రీన్ మీద తువ్వాలు పరవండి. దానికి ఇరవై అంగల దూరంలో నిలబడి మీ వెడ్జ్‌తో తువ్వాలు మీద పడేట్టు కొట్టండి. ఎ, బి, సి మారుస్తూ కొట్టాలి. ఒకే రకాన్ని వరసగా కొడితే చేయి అలవాటు పడిపోతుంది, చివర కొట్టిన బాల్ మంచిదనిపిస్తుంది. తువ్వాలు మీద, దాని చుట్టూ ఒక అంగలో పడ్డవే లెక్కలోకి తీసుకోండి. పడ్డచోటి నుంచి ఆగినచోటికి ఎన్ని అంగలో రాసుకోండి. ఒక్కో రకానికి కనీసం ఐదు మంచి దెబ్బలు ఉండాలి.

యూరథేన్ బాల్ పొట్టిగా ఆగుతుంది, అయనోమర్ ఇంకాస్త దొర్లుతుంది. ఆ తేడా మీకు నిజంగా వస్తోందా అన్నదే ప్రశ్న. చాలామందికి రాదు. బాల్ కంటే ముందు గడ్డి తగిలినా, వెడ్జ్ గీతలు అరిగిపోయినా, గీతల్లో మట్టి ఉన్నా, గడ్డి తడిగా ఉన్నా ఎంత ఖరీదైన కవరైనా పట్టు దొరకదు. తేడా ఒక అంగ లోపే ఉంటే చవక బాల్‌తోనే ఉండండి. మూడు నాలుగు అంగలు ఉండి, అది ప్రతిసారీ వస్తుంటే యూరథేన్‌కి పెట్టే డబ్బు దండగ కాదు.

ఒక ప్రత్యామ్నాయం కూడా ఉంది. ఎక్కువ దొర్లే బాల్‌తో కూడా గ్రీన్ దగ్గర బాగా ఆడొచ్చు: వెడ్జ్ బదులు 8 లేదా 9 ఐరన్ తీసుకుని, గ్రీన్ మొదట్లో పడేసి జెండా దాకా దొర్లించండి. దొర్లుడు ఎప్పుడూ ఒకేలా ఉంటే అదే మీ బలం అవుతుంది. గ్రీన్లు గట్టిపడే ఎండల్లో ఇది మరీ పనికొస్తుంది.

6. ఐరన్, డ్రైవర్ పరీక్ష: కోర్సు మీదే

ప్రాక్టీస్ రేంజ్‌లో ఇచ్చే బాల్స్‌తో కొట్టి ఏమీ తేల్చకండి. అవి అరుగుదలకి తట్టుకునేలా చేసినవి, చాలాచోట్ల దూరం తక్కువ పోయేవే పెడతారు. జనం లేని సాయంత్రం ఒకే హోల్ మీద ఎ, బి, సి మారుస్తూ 7 ఐరన్‌తో గ్రీన్‌కి కొట్టండి. గ్రీన్ మీద నిలబడిందా, గ్రీన్ దాటి అవతలికి జారిపోయిందా చూడండి. మెత్తటి బాల్‌కి ఐరన్‌తో స్పిన్ తగ్గుతుంది. దూరం పెరిగిందని సంతోషించే ముందు అది గ్రీన్ మీద ఆగుతోందో లేదో చూసుకోవాలి. ఆగకపోతే ఆ పెరిగిన గజాలు బంకర్ (ఇసుక గుంట) లోకే తీసుకెళ్తాయి.

డ్రైవర్‌తో కూడా అలాగే. క్లబ్ ముఖం మధ్య తగలని దెబ్బల్ని లెక్కలోంచి తీసేయండి. ఒక్కో రకంలో అన్నిటికంటే పొడుగు డ్రైవ్‌ని పోల్చకండి, అది అదృష్టం. దూరంలో మధ్యస్థంగా ఉన్న డ్రైవ్‌ని పోల్చండి. మూడు రకాలూ పది గజాల లోపే ఉంటే, ఉంటాయి కూడా, దూరం విషయం అక్కడితో వదిలేయండి. ముఖం మధ్య నుంచి కొద్దిగా పక్కకి తగిలితే తగ్గిపోయే దూరం దీనికంటే ఎక్కువ.

సిమ్యులేటర్‌లో చేయాలంటే సొంత బాల్ వాడనిస్తారో లేదో అడగండి, బాల్ కడిగి తీసుకెళ్లండి.

స్లైస్ పోతుందేమో అని తక్కువ స్పిన్ బాల్ కొనేవాళ్లున్నారు. వంపు కాస్త తగ్గొచ్చు, పోదు.

7. కొనేటప్పుడు

కంపెనీలు చాలా మోడళ్లని రెండేళ్లకోసారి మారుస్తాయి. కొత్తది వచ్చిన నెలల్లో పాతదాని ధర పడిపోతుంది. పాత మోడల్ కొనడానికి ఏమాత్రం సంకోచించకండి. యూరథేన్ బాల్‌ని బడ్జెట్‌లోకి తెచ్చే మంచి దారి ఇదే.

కేడీలు, కోర్సు పక్కన అమ్మేవాళ్ల దగ్గర దొరికిన బాల్స్ ఉంటాయి. ఆన్‌లైన్‌లో లేక్ బాల్స్ పేరుతో అమ్ముతారు. చవకే, కానీ నీళ్లలో ఎన్నాళ్లు ఉందో బయటికి తెలియదు. ఎక్కువ కాలం మునిగి ఉన్న బాల్ దూరం కోల్పోవచ్చు. కొనేముందు ఇలా చూడండి:

- పెయింట్ మరీ కొత్తగా మెరుస్తూ, బాల్ మీది గుంటలు నిండిపోయినట్టుంటే అది మళ్లీ రంగేసిన బాల్. వద్దు
- గోరుతో గీసి చూడండి. పొర లేచినా, పగులు కనిపించినా పక్కన పెట్టండి
- రంగు పసుపు తిరిగి, బురద మరకలు లోపలికి ఇంకినట్టుంటే నీళ్లలో చాలాకాలం ఉందని అర్థం
- అన్నీ ఒకే మోడల్ ఉండాలి. ఐదు రకాల కలగూర డజను కొంటే మీరు పైన చేసిన పరీక్షలన్నీ వృథా

ఖరీదైన బాల్ కొత్త బాక్స్‌లో సగం ధరకి తెలియని అమ్మకందారు దగ్గర కనిపిస్తే ఆగండి. నకిలీలు ఉన్నాయి. ముద్ర మసకగా ఉందా, స్లీవ్ అక్షరాల్లో తేడాలున్నాయా చూడండి. అనుమానం వస్తే టూ-పీస్ అసలుది కొనుక్కోవడమే మేలు.

టోర్నమెంట్ ఆడేవాళ్లు ఆ మోడల్ ఆమోదం పొందిన బాల్స్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. వారాంతం స్నేహితులతో ఆడేవాళ్లకి ఆ టెన్షన్ అక్కర్లేదు.

రంగు మీ ఇష్టం. ఎండాకాలం రాలిన ఆకుల్లో, ఎండిన గడ్డిలో తెలుపు కంటే పసుపు త్వరగా కనబడుతుందని నా అభిప్రాయం. బాల్ దొరికితే అదీ పొదుపే.

తరచూ జరిగే పొరపాట్లు

బాల్ మీది 1, 2, 3, 4 అంకెల్ని కంప్రెషన్ అనుకోవడం. అవి ఎవరి బాల్ ఎవరిదో గుర్తుపట్టడానికి.

ఒక్క మంచి డ్రైవ్ చూసి డజను కొనేయడం. ఒక్క చెడ్డ రౌండు చూసి మార్చేయడం కూడా అంతే తప్పు.

ప్రతి హోల్‌కీ సంచిలో ఏది చేతికొస్తే అది కొట్టడం. సాధారణంగా నిబంధనలు రెండు హోల్స్ మధ్య బాల్ మార్చుకోనిస్తాయి, కానీ రకం మారితే చిప్ ఎంత దొర్లుతుందో, పట్ ఎంత బలంగా కొట్టాలో చేతికి ఎప్పటికీ పట్టుబడదు. ఖరీదైన బాల్స్ నాలుగు రకాలు కలిపి ఆడేవాళ్లకంటే చవక బాల్ ఒక్కటే ఏడాది పొడుగునా వాడేవాళ్లకి గ్రీన్ దగ్గర అంచనా బాగా కుదురుతుంది.

నీళ్లు అడ్డం ఉన్న హోల్ దగ్గర పాత బాల్ తీయడం. "ఇది పోతుంది" అని ముందే ఒప్పేసుకుని కొట్టినట్టవుతుంది. పోయినా బాధ లేని ధరలో బాల్ ఎంచుకుంటే ఈ అలవాటు దానంతటదే పోతుంది.

మే నెలలో కారు డిక్కీలో బాల్స్ వదిలేయడం. ఇంట్లో మామూలు వేడిలో ఉంచండి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం ఆడేవాళ్లకి దూరం తగ్గడం, బాల్ గట్టిగా తగలడం మామూలే, అప్పుడు మెత్తటి రకం చేతికి సుఖం. రౌండులో బాల్‌ని వేడిచేసి ఆడటం మాత్రం నిబంధనలకి విరుద్ధం.

ఎంచుకున్నది సరైనదేనా? ఇలా చూసుకోండి

ఒక డజను అయిపోయేదాకా అదే ఆడండి. ప్రతి రౌండులో స్కోర్‌కార్డు మీద మూడే గుర్తులు పెట్టండి: ఎన్ని బాల్స్ పోయాయి, గ్రీన్ మీద పడి అవతలికి జారిపోయినవి ఎన్ని, మొదటి పట్ హోల్ దాకా చేరనివి ఎన్ని. గ్రీన్ దాటి జారేవి తగ్గకపోతే స్పిన్ ఎక్కువున్న కవర్‌కి వెళ్లండి. పట్‌లు పొట్టిగా ఆగుతూనే ఉంటే కంప్రెషన్ ఒక మెట్టు పెంచండి. బాల్స్ పోవడం తగ్గిందంటే, ఒకటో మెట్టులో వేసిన ధర లెక్క మళ్లీ వేయండి, ఈసారి మీ బడ్జెట్‌లోకి ఇంకో రకం రావచ్చు.

రౌండు మధ్యలో బాల్ చీలినా పగిలినా మార్చుకోవచ్చు. గీతలు పడటం, పెయింట్ పోవడం కారణంగా మాత్రం ఆ హోల్ పూర్తయ్యేదాకా మార్చకూడదు. సిమెంట్ దారికి తగిలి కవర్ గరుకెక్కిన బాల్‌ని తర్వాతి హోల్ నుంచి పక్కన పెట్టి, చిప్పింగ్ ప్రాక్టీస్ సంచిలో వేసుకోండి. మీరు ఆడే మోడలే కాబట్టి అక్కడ అది బాగా పనికొస్తుంది.